విశాఖ ఇళ్లకు కుండల చిత్రాలు, అలంకార మట్టిపాత్రలు: ఎంచి కొనే పద్ధతి

మా ముందు గదిలోని మూడు కుండల చిత్రాన్నీ, దాని కింద బల్ల మీది నల్లని కూజానూ చూసినవారు దాదాపు అందరూ ఎక్కడ కొన్నారనే అడుగుతారు. ఏ గోడకు, ఏ వెలుతురులో పెట్టాలని కొన్నారో అడిగేవారు తక్కువ. సముద్రపు గాలి ఏడాది పొడవునా ఇంట్లోకి వచ్చే ఈ ఊళ్లో ముందు తేల్చుకోవలసింది ఆ రెండో సంగతే. అందుచేత ఈ మార్గదర్శి దుకాణం దగ్గర కాకుండా ఇంటి గోడ దగ్గర మొదలవుతుంది. క్రమం మార్చకుండా చదవమని కోరుతున్నాను.

1. ముందు గోడను పరీక్షించండి

గదిలో గోడ ఖాళీగా ఉన్నంత మాత్రాన చిత్రానికి పనికివస్తుందని కాదు. బయటి వానను నేరుగా తీసుకునే గోడ, స్నానాల గదికి ఆనుకున్న గోడ, వంటగది పొగ తగిలే గోడ, ఈ మూడింటినీ మొదటే పక్కన పెట్టండి. విశాఖలో సముద్రం తూర్పున ఉంది కనుక తూర్పు కిటికీలోంచి వచ్చే ఉదయపు ఎండ ఎదుటి గోడ మీద పడుతుంది. ఆ ఎండ చిత్రం మీద రోజూ గంటసేపు పడినా రంగులు కొన్నేళ్లలో వెలిసిపోతాయి. నీటిరంగులైతే ఇంకా త్వరగా వెలుస్తాయి.

చెమ్మను కనిపెట్టడానికి సులువైన పద్ధతి ఒకటుంది. జానెడు పాలిథీన్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపు అంటించి, 2 రోజులు వదిలేయండి. తీసినప్పుడు గోడ వైపు తడి పట్టి ఉంటే ఆ గోడలో నీరుందని అర్థం. ఆ గోడకు ఏ చిత్రమూ తగిలించవద్దు. ఈ పరీక్ష వానాకాలంలో చేస్తే ఫలితాన్ని పూర్తిగా నమ్మవచ్చు. వేసవిలో పొడిగా కనిపించే గోడ ఆగస్టులో చెమర్చవచ్చు.

ఈ మాట నా అనుభవం మీద రాస్తున్నాను. లాసన్స్ బే వైపు ఉన్న ఇంట్లో, సముద్రం వైపు గోడకు ఒక నీటిరంగుల చిత్రం తగిలించాను. ఒక కడవ, ఒక చట్టి, ఒక ముంత ఉన్న చక్కని బొమ్మ అది. ఫ్రేము కట్టినాయన కాగితాన్ని నేరుగా అద్దానికి ఆనించి బిగించాడు, నేనూ చూసుకోలేదు. వానలు వెళ్లేసరికి కడవ మెడ దగ్గర దాల్చినచెక్క రంగులో చిన్న చిన్న మచ్చలు వచ్చాయి, కాగితం ఒకచోట అద్దానికి అతుక్కుపోయింది. మెల్లగా విడదీయబోతే కడవ అంచు రంగు అద్దంతో పాటే లేచి వచ్చింది. ఆ చిత్రం మళ్లీ బాగుపడలేదు.

2. కొలతలు రాసుకోండి

కొలతలు కాగితం మీద లేకుండా దుకాణానికి వెళ్తే పెద్దదో చిన్నదో ఏదో ఒకటి తప్పుగా కొంటారు.

- గోడ ఖాళీ వెడల్పు, ఎత్తు
- గోడ కింద ఉన్న సోఫా లేదా బల్ల వెడల్పు (ఫ్రేముతో కలిపి చిత్రం వెడల్పు ఇందులో సుమారు మూడింట రెండు వంతులుంటే కంటికి నిండుగా ఉంటుంది)
- పాత్ర పెట్టే బల్ల లేదా అర లోతు, దాని పైన ఉన్న ఖాళీ ఎత్తు
- ఉదయం, మధ్యాహ్నం, రాత్రి దీపాల కింద తీసిన గోడ ఫొటోలు, ఒక్కోటి చొప్పున

తరువాత పాత వార్తాపత్రికలను చిత్రం కొలతకు అతికించి గోడకు అంటించి, 2 రోజులు అలాగే ఉంచండి. ఈ పని చేసినవారిలో చాలామంది తాము అనుకున్న కొలత మార్చుకోవడం చూశాను.

3. మాధ్యమాన్ని ఎంచుకోండి

తైలవర్ణ చిత్రం, అంటే నూనెరంగులతో కాన్వాసు మీద వేసినది, మన వాతావరణానికి బాగా ఓర్చుకుంటుంది. అయితే మందంగా వేసిన రంగు లోపల ఆరడానికి నెలలు పడుతుంది. దగ్గరకు వెళ్లగానే అవిసె నూనె వాసన ఘాటుగా వస్తే అది ఇంకా ఆరుతున్న చిత్రమే. కొనవచ్చు గాని దాని ముఖానికి ఏదీ తగలకుండా తెచ్చుకోవాలి.

ఆక్రిలిక్ త్వరగా ఆరుతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. వేడికి దాని పైపొర మెత్తబడి దుమ్మును పట్టుకుంటుంది, ప్లాస్టిక్ తగిలితే అతుక్కుంటుంది. పైన వార్నిష్ పూత వేశారో లేదో అడగండి.

నీటిరంగుల చిత్రం కావాలంటే సముద్రానికి దూరంగా, లోపలి గోడకు మాత్రమే కొనండి. మంచి అద్దం, మౌంటు (కాగితం అద్దానికి తగలకుండా చిత్రం చుట్టూ వేసే అట్ట) ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

అచ్చు చిత్రం కొనడం తప్పేమీ కాదు, అచ్చు అని తెలిసి, ఆ ధరకే కొన్నంతకాలం.

4. చిత్రం దగ్గర నిలబడి ఏం చూడాలి

ఈ భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి. కుండ చూడడానికి తేలికైన వస్తువులా కనిపిస్తుంది గాని, చిత్రకారుడి చెయ్యి ఎంత కుదిరిందో అంత త్వరగా చెప్పే వస్తువు మరొకటి లేదు.

మొదట కుండ మూతి చూడండి. గుండ్రని మూతిని కాస్త పైనుంచి వాలుగా చూస్తే అది దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. దాని రెండు కొసలూ సన్నగా వంపు తిరగాలి, చేప మూతిలా కోసుగా కలవకూడదు. తరువాత చూపు కిందికి దించి అడుగు చూడండి. మన కంటికన్నా దిగువన ఉన్న కుండకు అడుగు వంపు మూతి వంపుకన్నా కొంచెం ఎక్కువగా ఉండాలి. మూతి విశాలంగా తెరుచుకుని, అడుగు మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంటే ఆ కుండ బల్ల మీద కూర్చున్నట్టు అనిపించదు. ఆ అసౌకర్యం మొదటి రోజు తెలియకపోవచ్చు, రోజూ చూసేకొద్దీ పెరుగుతుంది.

రెండోది నీడ. కుండ బల్లను తాకే చోట సన్నని ముదురు గీత ఉండాలి. అది లేకపోతే కుండ గాలిలో తేలినట్టుంటుంది. నీడ వైపు అంచున, బల్ల మీది గుడ్డ నుంచి తిరిగి వచ్చే కొద్దిపాటి వెలుగు కనిపించాలి. ఎర్రమట్టి కుండ నీడను ఉత్త నలుపుతో నింపేశారంటే ఆ కుండను ఎదురుగా పెట్టుకుని వేయలేదని నేను అనుమానిస్తాను.

మూడోది మెరుపు. కాల్చిన మట్టి వెలుతురును మెత్తగా పరుచుకుంటుంది. పింగాణీ జాడీ మీద తెల్లని చుక్క పదునుగా మెరుస్తుంది. ఇత్తడి చెంబులో ఎదుటి కిటికీ కూడా కనిపిస్తుంది. ఒకే చిత్రంలో ఈ మూడింటికీ ఒకే రకమైన తెల్లచుక్క పెట్టి ఉంటే అది ఎవరో నేర్పిన గుర్తును మళ్లీ మళ్లీ వేయడం.

సందేహం తీరకపోతే అనుమతి అడిగి ఫొటో తీసి, దాన్ని తలకిందులు చేసి చూడండి. ఒక పక్కకు ఒరిగిన కుండ వెంటనే బయటపడుతుంది.

ఆధునిక శైలిలో కావాలని వంపులు మార్చి వేసిన చిత్రాలకు ఈ పరీక్షలు వర్తించవు. అక్కడ కుండల మధ్య ఖాళీని చూడండి. ఇటలీ చిత్రకారుడు జార్జియో మొరాండీ (1890–1964) అవే సీసాలను, జాడీలను ఏళ్ల తరబడి అటూ ఇటూ జరిపి వేశాడు. ఆయన చిత్రాలను ఫోన్‌లోనైనా పది చూస్తే, రెండు పాత్రల మధ్య వేలెడు ఖాళీకి ఎంత పని ఉంటుందో కంటికి తెలుస్తుంది. కొనే ముందు ఈ అభ్యాసం తప్పక చేయండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక మాట అడగడం మంచిది. పగిలిన కుండ, బోర్లించిన కుండ ఉన్న చిత్రం హాల్లో పెట్టడం చాలా ఇళ్లలో ఇష్టపడరు. తెచ్చాక తీసి అటకెక్కించడం కన్నా ముందే అడగడం మేలు.

5. చేత్తో వేసిందా, అచ్చు వేసిందా

ఫోన్ టార్చిని చిత్రానికి పక్కగా, గోడకు దాదాపు ఆనించి వెలిగించండి. చేత్తో వేసిన చిత్రంలో కుంచె గట్లు కుండ వంపు వెంటే తిరుగుతాయి. కాన్వాసు అచ్చు మీద పారదర్శకమైన జిగురును కుంచెతో పులిమి అమ్మేవి కూడా ఉన్నాయి. వాటిలో గట్లు ఒక దిక్కుకు, కుండ అంచు మరో దిక్కుకు పోతుంటాయి.

భూతద్దం గాని, ఫోన్ కెమెరాను బాగా దగ్గరకు తెచ్చి గాని చూస్తే అచ్చులో సన్నని రంగు చుక్కలు కనిపిస్తాయి. తరువాత వెనక్కి తిప్పి చూడండి. కాన్వాసు బిగించిన చెక్క చట్రం మూలల్లో చిన్న చెక్క ముక్కలు దూర్చడానికి గాళ్లు ఉంటే మంచిది. చెమ్మకు కాన్వాసు వదులైనప్పుడు ఆ ముక్కలను మెల్లగా తట్టి మళ్లీ బిగించవచ్చు. చెక్కకు సన్నని రంధ్రాలు, పిండిలాంటి పొడి ఉంటే ఆ చట్రంలో పురుగుంది, వదిలేయండి.

6. మట్టిపాత్రను చేతిలోకి తీసుకుని చేసే పరీక్షలు

కంటితో ఎంచుకున్న పాత్రను చేతితో, చెవితో కూడా పరీక్షించాలి.

- పాత్రను అరచేతిలో నిలబెట్టి వేలి కణుపుతో తట్టండి. ఖంగుమని మోగితే బాగా కాలింది, బీట లేదు. చచ్చుగా మోగితే సన్నని పగులైనా ఉండాలి, లేదా సరిగా కాలి ఉండదు.
- లోపల వేళ్లతో తడమండి. సారె (కుమ్మరి చక్రం) మీద చేసిన పాత్రలో వేళ్ల జాడలు వరుసలుగా తగులుతాయి. అచ్చులో పోసినదానికి గోడ మందం అంతటా ఒకేలా ఉండి, పక్కన సన్నని అతుకు గీత కనిపిస్తుంది.
- బల్ల మీద పెట్టి కదపండి. ఊగితే తీసుకోవద్దు.
- రంగులు వేసిన పాత్రను తడిపిన తెల్ల గుడ్డతో అడుగున కొంచెం రుద్దండి. రంగు అంటితే అది గది లోపలికే, వరండాకు పనికిరాదు.
- పైన మందంగా ఎనామెల్ పెయింటు వేసిన పాత్రను అనుమానంగా చూడండి. అది పగుళ్లను బాగా దాచేస్తుంది.

పూలు పెట్టుకోవాలనుకుంటే ఇంటికి తెచ్చాక నీళ్లు పోసి, కింద పాత పత్రిక పరచి, ఒక రోజంతా ఉంచండి. పూత లేని మట్టి నీటిని ఊరుస్తుంది, కూజాలో నీళ్లు చల్లబడేది అందువల్లనే. ఊరే పాత్రలో లోపల గాజు గ్లాసు దింపి అందులో పూలు పెడితే బల్ల పాడవదు.

ప్రాంతాన్ని బట్టి పాత్ర స్వభావం మారుతుంది. జైపూర్ నీలి పింగాణీలో మామూలు బంకమట్టి ఉండదు, పలుగురాతి పొడి, గాజుపొడి కలిపి చేస్తారు. అంచులు సులువుగా చిట్లుతాయి కనుక పిల్లల చేతికి అందని అరలో పెట్టండి. ఉత్తరప్రదేశ్‌లోని నిజామాబాద్ నల్లమట్టి పాత్రల మీద వెండిలా మెరిసే గీతలు లోహపు పొడి నింపి తీర్చినవి. వాటిని తడిగుడ్డతో రుద్దకండి, మెత్తని పొడి బ్రష్షు చాలు, వాటిలో తినే వస్తువులూ పెట్టకండి. అదే రాష్ట్రంలోని ఖుర్జా పింగాణీ గట్టిది, వరండాకు కూడా ఓర్చుకుంటుంది.

కొత్తవి కొనే ముందు అటక మీద ఒకసారి వెతకండి. అమ్మమ్మల నాటి ఆవకాయ జాడీ, గోధుమరంగు భుజాలూ తెల్లని పొట్టా ఉన్నది దొరికితే, మంచి చిత్రం కింద పెట్టడానికి దానికి మించిన పాత్రను నేను ఏ దుకాణంలోనూ చూడలేదు. అయితే ఊరగాయ ఉప్పు పూత పగుళ్లలోకి దిగి ఉంటుంది. మంచినీళ్లలో నాలుగైదు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, నీడన పూర్తిగా ఆరనివ్వండి.

7. చిత్రానికి, పాత్రకు జత కుదర్చడం

చిత్రంలో ఉన్న కుండలాంటిదే తెచ్చి దాని కిందే పెట్టడం అందరూ చేసే పొరపాటు. రెండూ ఒకదాన్నొకటి వెక్కిరించినట్టుంటాయి. చిత్రంలో ఎర్రమట్టి కుండలుంటే కింద నల్లది గాని, తెల్ల పింగాణీ గాని పెట్టండి. చిత్రంలో గుండ్రని బానలుంటే కింద పొడవు మెడ కూజా బాగుంటుంది. చిత్రంలోని నేపథ్యపు రంగుల్లో ఒకటి పాత్రలో కనిపిస్తే ఆ జత నిలుస్తుంది.

చిత్రం కొని, తగిలించి, వారం చూసిన తరువాతే పాత్ర కొనండి. పాత్ర ఎత్తు చిత్రం అడుగు అంచును దాటి లోపలి బొమ్మను కప్పకూడదు.

8. ఎక్కడ చూడాలి, ఏమి రాయించుకోవాలి

చిత్రాలకు మొదట ఆంధ్ర విశ్వకళాపరిషత్ లలిత కళల విభాగం విద్యార్థుల పని చూడండి. అక్కడ వేసినవారితోనే మాట్లాడవచ్చు, ఏ కుండను ఎదురుగా పెట్టుకుని వేశారో అడగవచ్చు. పాత్రలకు మధురవాడ శిల్పారామం, లేపాక్షి హస్తకళల విక్రయశాల, ఊళ్లో మైదానాల్లో జరిగే హస్తకళల ప్రదర్శనలు ఉన్నాయి. ప్రదర్శనలకు మొదటి రోజున వెళ్తే ఎంపిక బాగుంటుంది. చివరి రోజున ధర తగ్గవచ్చు గాని, అప్పటికి మిగిలేవి చాలావరకు అంచు చిట్లినవే. కుమ్మరి దగ్గర నేరుగా కొనేటప్పుడు బేరం ఆడవద్దని నా విన్నపం. ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) పగిలిపోయిన కుండల నష్టం కూడా ఆయన ఆ ధరలోనే రాబట్టుకోవాలి.

బిల్లు మీద ఇవి ఉండాలి:

- చిత్రకారుడి పేరు, చిత్రం పేరు, వేసిన సంవత్సరం
- మాధ్యమం, కొలతలు
- చేత్తో వేసినదా, అచ్చా అన్న మాట స్పష్టంగా
- చెల్లించిన ధర, తేదీ

సిద్ధంగా ఉన్న చిత్రాన్ని కొంటే ఆ వస్తువు మాత్రమే మీదవుతుంది. కాపీరైటు చట్టం, 1957 ప్రకారం రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప కాపీరైటు చిత్రకారుడి దగ్గరే ఉంటుంది, కనుక దాన్ని క్యాలెండరు మీదో శుభలేఖ మీదో అచ్చు వేయాలంటే అనుమతి తీసుకోవాలి.

9. ఇంటికి తేవడం, ఫ్రేము కట్టించడం

గాలిబుడగల ప్లాస్టిక్ కవరును నేరుగా చిత్రం ముఖానికి చుడితే రంగు మీద గుండ్రని గుర్తులు పడతాయి. ముందు బటర్ పేపరు, దాని మీద అట్ట, ఆ తరువాతే ప్లాస్టిక్. ఆటోలో గాని కారులో గాని నిలబెట్టి తీసుకురండి, పడుకోబెట్టి పైన సామాను పెట్టకండి.

ఫ్రేము కట్టేవారికి ఈ మాటలు నోటితో చెప్పడమే కాక, కాగితం మీద రాసి ఇవ్వండి:

- కాగితం మీది చిత్రానికి, అద్దానికి మధ్య మౌంటు ఉండాలి, అది ఆమ్లం లేని రకం కావాలి.
- చిత్రాన్ని మౌంటుకు నాలుగు వైపులా జిగురుతో అతికించకూడదు, పై అంచున మాత్రమే వేలాడేలా పట్టీ వేయాలి.
- వెనుక కాగితపు టేపుతో సందులు మూయాలి.
- ఫ్రేము వెనుక కింది రెండు మూలల్లో రబ్బరు బొడిపెలు అంటించాలి. గోడకు, ఫ్రేముకు మధ్య గాలి ఆడడానికి ఇవే ఆధారం.
- కొక్కేలు, మేకులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. ఇనుపవైతే ఉప్పుగాలికి తుప్పు పడతాయి.

తైలవర్ణ చిత్రానికి అద్దం అక్కర్లేదు.

10. తగిలించడం

చిత్రం నడిమధ్య భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి. కూర్చుని చూసే గదిలో ఇంకాస్త దించవచ్చు. సోఫా వీపుకు, ఫ్రేము అడుగుకు మధ్య 6 నుంచి 8 అంగుళాలు చాలు. మన ఇళ్లలో చిత్రాలను దేవుడి పటాల అలవాటుతో బాగా పైకి కట్టేస్తారు, నిశ్చలచిత్రం (ఇలా కదలని వస్తువులను వేసిన బొమ్మ) అలా పెడితే కుండ మూతి వంపే తప్పుగా కనిపిస్తుంది.

ఒక మేకుకు బదులు రెండు వాడండి, చిత్రం పక్కకు ఒరగదు. స్విచ్ బోర్డుకు సరిగ్గా పైనా కిందా డ్రిల్లు చేయకండి, గోడలో వైర్లు పోయేది అటే. కొత్త అపార్ట్‌మెంట్లలో ఏఏసీ బ్లాకుల (లోపల గాలి గదులున్న తేలిక సిమెంటు ఇటుకల) గోడలుంటే వాటికి తగిన పొడవాటి ప్లగ్గు (మేకు పట్టు కోసం రంధ్రంలో దూర్చే గొట్టం) అడిగి కొనండి.

పొడవాటి కూజా గాలికి పడకుండా అడుగున బరువు వేయాలి. ఇందుకు బీచ్ ఇసుక తేవద్దు. దానిలోని ఉప్పు తేమను లాగి మట్టిని లోపలినుంచి తినేస్తుంది. కడిగి ఆరబెట్టిన ఏటి ఇసుకను ప్లాస్టిక్ సంచిలో కట్టి లోపల దింపండి.

11. తరచు వచ్చే ఇబ్బందులు, సవరణలు

*మట్టిపాత్ర మీద తెల్లని పొడి:* ఉప్పు బయటికి వస్తోందన్నమాట. తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ముందు పొడి బ్రష్షుతో దులపండి. పూత, రంగు లేని పాత్రనైతే మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ 3 రోజులుంచి, నీడన ఆరబెట్టండి. బోరునీళ్లు వాడకండి.

*కాన్వాసు వదులవడం:* వర్షాల్లో కొద్దిగా వదులై తరువాత సర్దుకుంటే తొందరపడవద్దు. డిసెంబరులో కూడా వేలాడుతుంటే ఫ్రేము కట్టేవారితో బిగింపించండి. వెనుక నీళ్లు చల్లడం అనే చిట్కా జోలికి పోకండి, రంగు పొర పగులుతుంది.

*అద్దం లోపల మచ్చలు:* చూసిన రోజే గోడ నుంచి దించి, పొడి గదిలో పెట్టి, ఫ్రేము విప్పించండి. కాగితం అద్దానికి అతుక్కుని ఉంటే మీరు లాగవద్దు, కాగితం చిత్రాలను బాగుచేసే పని తెలిసినవారికే ఇవ్వండి.

*దుమ్ము:* తైల, ఆక్రిలిక్ చిత్రాలకు మెత్తని పొడి బ్రష్షు, పైనుంచి కిందికి. తడిగుడ్డ, బంగాళదుంప ముక్క, రొట్టె ముక్క, ఇవేవీ వాడవద్దు.

12. వానాకాలం, తుఫాను రోజులు

జూన్ మొదట్లో ఒకసారి అన్ని చిత్రాలనూ దించి వెనుక వైపు చూడండి. బూజు వాసన వస్తే గాలి ఆడే గదిలో, ఎండ తగలకుండా రెండు రోజులు ఉంచండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున ముందుగా బాల్కనీలోని పాత్రలను లోపలికి తెచ్చి నేల మీద పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కిటికీ అద్దాలు ఎలా పగిలాయో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. కిటికీకి ఎదురుగా ఉన్న చిత్రాలను దించి, ముఖం గోడ వైపు తిప్పి, లోపలి గదిలో నేలకు జానెడు ఎత్తున పీట మీద నిలబెట్టండి. గాలి తగ్గిన మర్నాడే తగిలించకుండా గోడ తడి ఆరిందో లేదో మొదటి అంచెలో చెప్పిన పాలిథీన్ ముక్కతో మళ్లీ చూసుకోండి.